కొలెస్ట్రాల్ తగ్గాలంటే వంటింట్లో ఏం మార్చాలి: విశాఖ ఇంటి భోజనంతోనే పన్నెండు వారాల పద్ధతి

మా ఆయనకి 48 ఏళ్ళు. ఆఫీసు వాళ్ళు చేయించిన రక్తపరీక్షల్లో ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ 158 అని వచ్చింది. సిగరెట్ అలవాటు లేదు, మాంసం ఆదివారం తప్ప తినరు. "నేనేం తింటున్నానని ఇలా వచ్చింది?" అని అడిగారు. రిపోర్టు ఇచ్చిన చోట "నూనె తగ్గించండి, గుడ్డు మానేయండి" అని చెప్పి పంపేశారట. ఆ రాత్రి కూర్చుని, మా ఇంట్లో ఒక రోజు తిండంతా కాగితం మీద రాసి లెక్క వేశాను. గుడ్డుకి ఆ లెక్కలో పెద్ద చోటు దొరకలేదు. దొరికినవి పాలు, కొబ్బరి, నెయ్యి, సాయంత్రం బజ్జీ.

ఆ లెక్క ఎలా వేయాలో, తర్వాత ఏమేం మార్చాలో వరసగా చెప్తాను. ముందు ఒక్క జాగ్రత్త. ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్ళు, గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు తిండి మార్పునే మందు అనుకోకూడదు. వీళ్ళకి డాక్టరు మాత్ర రాస్తే అది వేసుకుంటూనే ఇది కూడా చేయాలి. తిండి మార్చాం కదా అని స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి.

మొదటి పని: రిపోర్టుని సరిగ్గా చదవడం

లిపిడ్ ప్రొఫైల్‌లో మొత్తం కొలెస్ట్రాల్ పెద్ద అక్షరాల్లో ఉంటుంది కాబట్టి అందరి కళ్ళూ దాని మీదే పడతాయి. మీరు చూడాల్సింది దాని కింద ఉన్న మూడు అంకెలు.

ఎల్‌డీఎల్ రక్తనాళాల గోడల్లో పేరుకునేది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి 100 లోపు ఉంటే మంచిది. గుండెజబ్బు ఉన్నవాళ్ళకి 70 లోపు ఉండాలంటారు, కొందరికి ఇంకా తక్కువ. హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్ట్రాల్ మగవాళ్ళకి 40, ఆడవాళ్ళకి 50 దాటి ఉండాలి. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు, 150 లోపు ఉండాలి. మా ఆయనకి ఎల్‌డీఎల్ 158, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 210. అన్నం ఎక్కువ తినే మన ఇళ్ళల్లో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, హెచ్‌డీఎల్ తక్కువగా ఉండటం చాలా మామూలు. ఈ రెండింటికీ ఎల్‌డీఎల్‌కీ మందు ఒకటే కాదు. ఎల్‌డీఎల్ తగ్గాలంటే కొవ్వు రకం మార్చాలి, పీచు పెంచాలి. ట్రైగ్లిజరైడ్లు తగ్గాలంటే అన్నం, పంచదార, మద్యం తగ్గించాలి. మీ రిపోర్టులో ఏది ఎక్కువుందో చూసుకుంటే ఎక్కడ గట్టిగా పట్టాలో తెలుస్తుంది.

ఇదే రక్తంతో థైరాయిడ్ టీఎస్‌హెచ్, మూడు నెలల షుగర్ పరీక్ష కూడా చేయించండి. థైరాయిడ్ తక్కువ పనిచేస్తుంటే ఎల్‌డీఎల్ దానంతటదే పెరుగుతుంది. అలాంటప్పుడు ఎంత పథ్యం చేసినా అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

రెండో పని: ఒక రోజు లెక్క రాయడం

రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన కాలేయమే తయారు చేస్తుంది. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని వెనక్కి లాక్కునేది కూడా ఎక్కువగా అదే. కాలేయ కణాల మీద ఎల్‌డీఎల్‌ని లోపలికి తీసుకునే తలుపుల్లాంటివి ఉంటాయి. వాటిని కనిపెట్టినందుకే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. నెయ్యి, కొబ్బరి లాంటి వాటిలో ఉండే సంతృప్త కొవ్వు ఎక్కువ తింటే ఆ తలుపులు తగ్గిపోతాయి. ఎల్‌డీఎల్ లోపలికి వెళ్ళే దారి లేక రక్తంలోనే తిరుగుతుంది. అందుకే మనం లెక్కపెట్టాల్సింది సంతృప్త కొవ్వుని. రోజుకి 2000 కేలరీలు తినే మనిషి దీన్ని సుమారు 15 గ్రాముల దగ్గర ఆపాలి.

మా ఇంటి లెక్క చూడండి. గ్రాములన్నీ సంతృప్త కొవ్వువే.

రెండు కాఫీలకి కలిపి 200 మిల్లీలీటర్ల ఫుల్ క్రీమ్ పాలు: సుమారు 7 గ్రాములు.
ఇడ్లీలోకి కొబ్బరి చట్నీ, మనిషికి 25 గ్రాముల పచ్చికొబ్బరి చొప్పున: 7 గ్రాములు.
మధ్యాహ్నం పప్పన్నంలో రెండు చిన్న చెంచాల నెయ్యి: 6 గ్రాములు.
రెండు పూటలా కలిపి ఒక కప్పు గడ్డ పెరుగు, అదే పాలతో తోడు పెట్టింది: 5 గ్రాములకి పైనే.
కూరలకీ తాలింపుకీ వాడిన పొద్దుతిరుగుడు నూనె: 3 గ్రాములు.
సాయంత్రం బండి దగ్గర నాలుగు బజ్జీలు, పామాయిల్లో వేయించినవి: 6 నుంచి 7 గ్రాములు.

మొత్తం 35 దగ్గరకి వచ్చింది. మాంసం ముక్క లేదు, గుడ్డు లేదు. ఉండాల్సిన దానికి రెట్టింపు కంటే ఎక్కువ. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. ఎవరింట్లో లెక్క వాళ్ళదే కాబట్టి మీది మీరే రాయండి. ఆదివారం కాకుండా మామూలు రోజుది రాయాలి. ఏడాదంతా మన మీద పనిచేసేది మామూలు రోజే.

మూడో పని: నాలుగు మార్పులు, మొదటి వారంలోనే

పాలు. ప్యాకెట్ మీద రంగు చూడకండి, రాసింది చదవండి. ఫుల్ క్రీమ్‌లో 6 శాతం కొవ్వు, టోన్డ్‌లో 3 శాతం, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం. ఒక్కసారిగా డబుల్ టోన్డ్‌కి దిగితే కాఫీ నీళ్ళలా ఉందని మొదటి రోజే గొడవ అవుతుంది. నేను రెండు వారాలు టోన్డ్ వాడి, తర్వాత డబుల్ టోన్డ్‌కి మారాను. పెరుగు కూడా ఆ పాలతోనే. కొంచెం పాలపొడి కలిపి తోడు పెడితే గట్టిగానే తోడుకుంటుంది. ఈ ఒక్క మార్పుతోనే రోజుకి 8, 9 గ్రాములు తగ్గాయి.

చట్నీ. కొబ్బరి స్థానంలో వేరుశెనగ, పుట్నాలు, టమాటా, అల్లం, పుదీన చట్నీలు మార్చి మార్చి చేయండి. కొబ్బరి మీద నాకేమీ కోపం లేదు. పండక్కి చేసుకోండి, కూరలో చిటికెడు చల్లుకోండి. రోజూ పొద్దున్నే గరిటెడు వేసుకోవడం దగ్గరే ఇబ్బంది. కొబ్బరినూనెలో 90 శాతం దాకా సంతృప్త కొవ్వే ఉంటుంది. అది సహజమైనదే అయినా ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది.

నెయ్యి. మానేయమని నేను చెప్పను. ముద్దపప్పులో నెయ్యి లేకపోతే ఆ భోజనం చేసినట్టే ఉండదు, అలా చేసిన పథ్యం నెల కూడా నిలవదు. ఒక చిన్న చెంచా, మొదటి ముద్దలోకి మాత్రమే. గిన్నెలోంచి వంచుకోకుండా చెంచాతో కొలిచి వేయండి.

నూనె. మనిషికి నెలకి అర లీటరు. నలుగురున్న ఇంటికి రెండు లీటర్లు. నెల మొదట్లో ఆ రెండు లీటర్లు విడిగా సీసాలో పోసుకుని అందులోంచే వాడండి. మా ఇంట్లో మొదటి నెల 22వ తారీఖుకే అయిపోయింది, రెండో నెలకి సరిపోయింది. వేరుశెనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, తవుడు నూనెల్లో ఏదైనా ఫర్వాలేదు, మార్చి మార్చి వాడితే మరీ మంచిది. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే, ఇంట్లోకి వద్దు. వనస్పతి అసలే వద్దు. వేయించగా మిగిలిన నూనెని మళ్ళీ మళ్ళీ కాచకండి.

కాఫీ గురించి ఒక మాట. అరకు కాఫీ పొడి మన ఇళ్ళల్లోకి బాగా వచ్చింది, మంచిదే. కానీ పొడిని నీళ్ళలో మరిగించి పైనుంచి తేర్చుకుని తాగే పద్ధతిలో, కాఫీ గింజలోని నూనె పదార్థాలు కప్పులోకి వచ్చేస్తాయి. అవి ఎల్‌డీఎల్‌ని పెంచుతాయి. కాగితం ఫిల్టర్ వాటిని చాలావరకు ఆపుతుంది. స్టీలు ఫిల్టర్ కొంతే ఆపుతుంది. రోజుకి మూడు, నాలుగు కప్పులు తాగేవాళ్ళు కాగితం ఫిల్టర్‌కి మారడం మేలు. ఒక కప్పు తాగేవాళ్ళకి దీని మీద టెన్షన్ అక్కర్లేదు.

నాలుగో పని: పీచు పెంచడం

తగ్గించడం గురించి అందరూ చెప్తారు, పెంచాల్సిన వాటి గురించి చెప్పేవాళ్ళు తక్కువ. నా దృష్టిలో అసలు పని ఇక్కడే ఉంది.

కాలేయం కొలెస్ట్రాల్‌తో పైత్యరసం తయారు చేసి పేగుల్లోకి వదులుతుంది. అందులో ఎక్కువ భాగాన్ని శరీరం మళ్ళీ పీల్చుకుని వాడుకుంటుంది. నీళ్ళలో కరిగి జిగురుగా మారే పీచు పేగుల్లో ఉంటే, ఆ పైత్యరసంలో కొంత దానికి అంటుకుని బయటికి పోతుంది. పోయినదాన్ని మళ్ళీ చేసుకోవడానికి కాలేయం రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కుంటుంది. బెండకాయ తరిగినప్పుడు చేతికి అంటే జిగురు చూడండి, అలాంటి పీచే కావాలి. రోజుకి 5 నుంచి 10 గ్రాముల కరిగే పీచు పెరిగితే ఎల్‌డీఎల్ సుమారు 5 శాతం తగ్గుతుంది. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ పాలు, కొబ్బరి మార్పులకి ఇది తోడవుతుంది.

2003లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెంకిన్స్ బృందం ఇలాంటి పదార్థాలన్నీ కలిపి పెట్టి చూసింది. బాదం, సోయా, ఓట్స్, బార్లీ, ఇసబ్‌గోల్, మొక్కల స్టెరాల్స్ కలిపిన మార్గరిన్, వాటితో పాటు బెండకాయ, వంకాయ. భోజనం వాళ్ళే ఇచ్చి నెల రోజులు తినిపిస్తే ఎల్‌డీఎల్ సుమారు 28 శాతం తగ్గింది. 2011లో వచ్చిన మరో అధ్యయనంలో, జనం తమ ఇళ్ళల్లో తామే పాటించినప్పుడు 13 శాతం దాకా తగ్గింది. మన ఇళ్ళల్లో మనం ఆశించాల్సింది ఆ రెండో అంకెనే.

ఇక వంటింట్లోకి వద్దాం. రోజూ ఒక కప్పు ఉడికిన పప్పుధాన్యం ప్రతి మనిషి కంచంలో ఉండాలి. కందిపప్పు పలుచగా కాచి అన్నం మీద పోసుకుంటే ఆ లెక్క రాదు. పప్పు ముద్దగా, అన్నంతో సమానంగా ఉండాలి. పొట్టు ఉన్నవి ఇంకా మేలు: పెసలు, బొబ్బర్లు, ఉలవలు, శనగలు. పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చే రాజ్మా దొరికితే వదలకండి. రాత్రి నానబెట్టి, పొద్దున్న కుక్కర్లో మెత్తగా ఉడికించి, టమాటా అల్లంతో వండితే పిల్లలు కూడా తింటారు. ఉలవచారు హోటల్లో మీగడతో ఇస్తారు. ఇంట్లో కాచుకుంటే మీగడ అక్కర్లేదు. కట్టు చారుకి, గింజలు గుగ్గిళ్ళకి. ఆ గుగ్గిళ్ళే మా ఇంట్లో సాయంత్రం బజ్జీల స్థానంలోకి వచ్చాయి. ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో ఒక చెంచా నూనెలో తాలింపు వేసి, నిమ్మకాయ పిండితే చాలు.

పొద్దున్న టిఫిన్‌కి వారంలో మూడు రోజులు పెసరట్టు. ఒక గ్లాసు పెసలకి అర గ్లాసు ఓట్స్ కలిపి రుబ్బితే అట్టు విరగదు, రుచి మారదు. పైన ఉప్మా పెట్టకండి, ఉల్లిపాయ, అల్లం ముక్కలు చాలు. మరో రెండు రోజులు బార్లీ. దీన్ని చాలామంది జ్వరం వచ్చినవాళ్ళ తిండి అనుకుంటారు. గింజలు రాత్రంతా నానబెట్టి, మూడింతల నీళ్ళు పోసి కుక్కర్లో నాలుగైదు కూతలు రానివ్వండి. చల్లారాక చింతపండు గుజ్జు, వేరుశెనగ తాలింపుతో కలిపితే పులిహోరలాగే ఉంటుంది. ఓట్స్‌లో, బార్లీలో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకి 3 గ్రాములు అందితే ఎల్‌డీఎల్ తగ్గుతుంది. పొడి ఓట్స్‌గా లెక్కేస్తే అది దాదాపు 80 గ్రాములు. అంత ఓట్స్ రోజూ తినడం కష్టం కాబట్టే బార్లీ, బెండకాయ, పప్పులతో కలిపి చేరుకోవాలి.

మన వైపు చోడి (రాగి) అంబలి గురించి అడుగుతారు. అంబలి మంచిదే. చోళ్ళలో పీచు ఉంది కానీ ఎక్కువ భాగం నీళ్ళలో కరగనిది. ఎల్‌డీఎల్‌ని ఓట్స్ తగ్గించినట్టు అది తగ్గించదు. తెల్లన్నం తగ్గించుకోవడానికి మాత్రం దానికంటే సులువైన దారి లేదు. పల్చని మజ్జిగ, ఉల్లిపాయతో తాగండి, బెల్లం వేయకండి.

కూరల విషయానికొస్తే, ఎంవీపీ కాలనీ రైతు బజార్‌కో మీ దగ్గర్లోని దానికో వారానికి రెండుసార్లు వెళ్ళి బెండ, వంకాయ, గోరుచిక్కుడు, చిక్కుడు తెచ్చుకోండి. బెండకాయని వేపుడు చేస్తే అది పీల్చుకునే నూనెతో లాభం పోతుంది. పులుసు పెట్టండి. వంకాయని కాల్చి పచ్చడి చేయండి, గోరుచిక్కుడు నువ్వుపొడి వేసి చేయండి. పండ్లలో జామకాయ, బత్తాయి తొనలు. బత్తాయిని రసం పిండితే పీచు పిప్పిలోనే పోతుంది.

రోజూ ఒక గుప్పెడు, అంటే 30 గ్రాముల గింజలు: వేరుశెనగ, బాదం, ఆక్రోటు. పలాస జీడిపప్పు కూడా తినొచ్చు, నేతిలో వేయించకుండా. అవిసె గింజల కారప్పొడి చేసి పెట్టుకుని ఇడ్లీలోకి, అన్నంలోకి వాడండి. అయితే గింజలు అదనంగా తింటే బరువు పెరుగుతారు. మిక్చర్, బిస్కెట్ల స్థానంలో తినాలి.

ఇసబ్‌గోల్ పొట్టు మందుల షాపుల్లో దొరుకుతుంది. మొదటి వారం రోజుకి ఒక చిన్న చెంచా, తర్వాత మెల్లగా రెండు పెద్ద చెంచాల దాకా. నిండు గ్లాసు నీళ్ళతో కలిపిన వెంటనే తాగాలి, లేకపోతే గొంతులో అడ్డుపడుతుంది. వేరే మాత్రలకీ దీనికీ రెండు గంటల తేడా ఉంచండి. పీచు ఏ రూపంలో పెంచినా ఒక్కసారిగా పెంచకండి. మేం అలా చేసి మొదటి వారం కడుపుబ్బరంతో ఇబ్బంది పడ్డాం.

ఐదో పని: చేప, గుడ్డు, ఆదివారం మాంసం

సముద్రం పక్కనే ఉండి ఖరీదైన ఫిష్ ఆయిల్ గుళికలు కొనుక్కోవడం నాకు బాధగా ఉంటుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర కవళ్ళు, కానాగంతలు చవగ్గా వస్తాయి. ఒమేగా 3 కొవ్వు ఎక్కువుండేది ఈ చిన్న, నూనె చేపల్లోనే. అది ట్రైగ్లిజరైడ్లని తగ్గిస్తుంది. ఎల్‌డీఎల్‌ని పెద్దగా తగ్గించదు, కానీ మటన్ స్థానంలో చేప తింటే ఆ మేరకి సంతృప్త కొవ్వు తగ్గుతుంది. వారానికి రెండుసార్లు, పులుసుగా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం ఉంటుంది, ఆ రెండు నెలలు సముద్రపు చేప తక్కువ. అప్పుడు ఎండుచేపల మీద పడకండి, వాటిలో ఉప్పు చాలా ఎక్కువ. చెరువు చేపతో సరిపెట్టుకోండి.

రొయ్యల్లో కొలెస్ట్రాల్ ఎక్కువే కానీ సంతృప్త కొవ్వు చాలా తక్కువ. వారానికి ఒకసారి ఇగురు చేసుకుంటే తప్పులేదు. గుడ్డు కూడా అంతే. పూర్తి గుడ్డు వారానికి మూడు, నాలుగు, తెల్లసొన ఎన్నైనా. కోడి తోలు తీసేసి, మటన్ నెలకి ఒకటి రెండుసార్లు కొవ్వు తీయించి. మెదడు, పాయా వద్దు.

ఆరో పని: ట్రైగ్లిజరైడ్లు ఎక్కువుంటే

కంచం అమరికని తిరగేయండి. ముందు కూర సగం కంచం పెట్టుకోండి, తర్వాత పప్పు, మిగిలిన చోట అన్నం. కాఫీ, టీల్లో పంచదార తగ్గిస్తూ రండి. కూల్‌డ్రింక్ మానేయండి. మద్యం అలవాటుంటే ట్రైగ్లిజరైడ్ల మీద దాని దెబ్బ చాలా ఎక్కువ. పూర్తిగా ఆపితే కొన్ని వారాల్లోనే తేడా కనిపిస్తుంది. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే క్లోమానికి ప్రమాదం, వెంటనే డాక్టర్ని కలవండి. భోజనం అయ్యాక పావుగంట నడక కూడా పెట్టుకోండి. బీచ్ రోడ్ దాకా వెళ్ళలేకపోతే వీధి చివరి దాకా చాలు.

బయట తిన్నప్పుడు

బీచ్‌కి వెళ్ళి ఏమీ తినకుండా రావడం ఎవరి వల్లా కాదు. బజ్జీ బదులు కాల్చిన మొక్కజొన్న పొత్తు, లేదా మూరీ (మరమరాల) మిక్చర్ ఉల్లిపాయ, టమాటా ఎక్కువ వేయించుకుని. మాడుగుల హల్వా ఇంటికొస్తే చిన్న ముక్క తిని, ఆ రోజు నెయ్యి మానేయండి. పఫ్‌లు, క్రీమ్ బిస్కెట్లు, కేకుల ప్యాకెట్ వెనక పామోలిన్, వనస్పతి, హైడ్రోజనేటెడ్ అన్న మాటలు వెతకండి. వనస్పతి లాంటి హైడ్రోజనేటెడ్ నూనెల్లో ఉండే ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో నియమం వచ్చింది. పామాయిల్ రకమే అయిన పామోలిన్‌కి ఆ నియమంతో సంబంధం లేదు, అది అలాగే ఉంది.

పొద్దున్నే వేడినీళ్ళలో నిమ్మరసం, తేనె తాగితే కొలెస్ట్రాల్ కరిగిపోతుందని ఫోన్లలో తిరుగుతుంటుంది. కరగదు. వెల్లుల్లి చేసే మేలు చాలా స్వల్పం. రెడ్ ఈస్ట్ రైస్ పేరుతో అమ్మే గుళికల్లో స్టాటిన్ లాంటి రసాయనమే ఉంటుంది, ఎంత ఉందో సీసా మీద చూసి నమ్మలేం. డాక్టర్ని అడగకుండా ముట్టుకోకండి.

చివరి పని: మళ్ళీ పరీక్ష

మార్పులు మొదలుపెట్టిన పది, పన్నెండు వారాలకి మళ్ళీ లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. అదే ల్యాబ్‌లో, రాత్రి భోజనం తర్వాత 9 నుంచి 12 గంటలు ఖాళీ కడుపుతో, మంచినీళ్ళు తాగొచ్చు. ముందు రెండు రోజులు పెళ్ళి భోజనాలు, మద్యం లేకుండా చూసుకోండి. జ్వరం వచ్చి తగ్గిన వెంటనే చేయిస్తే అంకెలు తారుమారవుతాయి, కొన్ని వారాలు ఆగండి.

మా ఆయనకి పదకొండో వారంలో ఎల్‌డీఎల్ 131, ట్రైగ్లిజరైడ్లు 148, హెచ్‌డీఎల్ 38 వచ్చాయి. బరువు మూడు కిలోలు తగ్గారు. నేను 100 లోపు వస్తుందనుకున్నాను, రాలేదు. రెండు రిపోర్టులు, మొదటి రోజు రాసిన లెక్క కాగితం, ఇప్పటి లెక్క కాగితం నాలుగూ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాం. డాక్టరు మా ఆయన బీపీ చూసి, మా మామగారికి గుండెపోటు ఏ వయసులో వచ్చిందో అడిగి, ఇంకో మూడు నెలలు ఇదే తిండి కొనసాగించి మళ్ళీ రమ్మన్నారు. అప్పటికీ తగ్గకపోతే చిన్న మోతాదులో మాత్ర మొదలుపెడతామన్నారు. మీరు వెళ్ళేటప్పుడు కూడా ఆ కాగితాలు పట్టుకెళ్ళండి. మీ తల్లిదండ్రులకి, అన్నదమ్ములకి గుండెజబ్బు ఏ వయసులో వచ్చిందో కూడా ఇంట్లో అడిగి వెనకవైపు రాసుకోండి.